పడవ ప్రమాదం జరిగితే విచారణ ఎలా సాగుతుంది? కృష్ణా తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం సమీపంలో విహారానికి వెళ్లిన బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవారు. ఆ ఏడాది నుంచి విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో న్యాయ సహాయం కోసం వచ్చేవారి నోట నేను అవే సందేహాలు పదే పదే వింటున్నాను. కేసు ఎవరు పెట్టాలి, విచారణ ఎవరు చేస్తారు, నివేదిక ఎందుకు బయటికి రాదు, పరిహారం తీసుకుంటే హక్కు పోతుందా అన్నవి ఆ సందేహాలు. దుఃఖంలో ఉన్న కుటుంబం వేర్వేరు కార్యాలయాల చుట్టూ తిరిగి, తమ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం లేని చోట నెలల తరబడి ఎదురుచూడటం చూశాక, వీటిని ఒకచోట రాసిపెట్టడం అవసరమనిపించింది. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకున్నా అర్థమయ్యేలా రాశాను.

## మొదటి గంటలు, మొదటి రోజులు

బోటు మునిగిందని తెలిసిన వెంటనే ఎవరికి చెప్పాలి?

నదిలోనైతే 112కు ఫోన్ చేయాలి. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సేవలకు ఈ ఒక్క నంబరు సరిపోతుంది. సముద్రంలోనైతే తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రతా పోలీసుల నంబరు 1093. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది కాబట్టి కృష్ణా నదిలో పెద్ద ప్రమాదం జరిగితే ఆ బృందాలు త్వరగానే చేరుకోగలవు. అయితే అన్నిచోట్లా మొదటి అరగంటలో ప్రాణాలు కాపాడేది రేవులోని మత్స్యకారులు, గజ ఈతగాళ్లే. ఫోన్ చేసేటప్పుడు ఘాట్ పేరు, ఒడ్డున కనిపించే గుర్తు, బోటు వచ్చిన దిశ చెప్పండి. ఎన్ని గంటలకు ఫోన్ చేశారో ఆ తర్వాత రాసిపెట్టుకోండి. సహాయం ఎంతసేపటికి అందిందన్నది విచారణలో తప్పకుండా వచ్చే ప్రశ్న.

బోటు నది మధ్యలో తిరగబడింది. ఇటు ఎన్టీఆర్ జిల్లా, అటు గుంటూరు జిల్లా. ఏ స్టేషన్‌కు వెళ్లాలి?

దగ్గర్లో ఉన్న ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం తమ పరిధిలో జరగలేదన్న కారణంతో ఫిర్యాదు నమోదుకు నిరాకరించకూడదు. జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాలి. నది మధ్య గీత ఎక్కడుందన్న వాదన పోలీసుల మధ్య తేలాల్సిన విషయం. దానికోసం తడిబట్టలతో ఉన్న మనిషిని తాడేపల్లి నుంచి భవానీపురానికి, భవానీపురం నుంచి తాడేపల్లికి తిప్పకూడదు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. బోటు ఎక్కిన ఘాట్, దిగాల్సిన ఘాట్, తిరగబడిన చోటు అనే మూడు విషయాలు ఫిర్యాదులో స్పష్టంగా ఉంటే పరిధి గురించిన గొడవ తర్వాత పెద్దగా ఉండదు.

బోటులో ఎంతమంది ఉన్నారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు. అసలు సంఖ్య ఎలా తేలుస్తారు?

ప్రయాణికుల జాబితా రాయకుండా బోటు కదిలిన ప్రతిచోటా ఈ కష్టం వస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు విషయంలో కూడా మొదటి రోజుల్లో చెప్పిన సంఖ్యలు మారుతూ వచ్చి, చివరికి 77 మంది అని తేలింది. అధికారులు టికెట్ల పుస్తకం, ఆన్‌లైన్ చెల్లింపులు, ఘాట్‌లోని సీసీ కెమెరా దృశ్యాలు, ఒడ్డున మిగిలిన వాహనాలు, చెప్పుల స్టాండులో ఉండిపోయిన చెప్పులు, మిస్సింగ్ ఫిర్యాదులు, బతికి బయటపడినవారి వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టుకుని లెక్క కడతారు. చంటిపిల్లలకు టికెట్ ఉండదు కాబట్టి వారు జాబితాలో కనిపించకపోవచ్చు. సిబ్బందిని లెక్కించడం కూడా చాలాసార్లు మరచిపోతారు. మీ కుటుంబం నుంచి ఎవరెవరు ఎక్కారో వయసులతో సహా అదే రోజు రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ప్రమాదానికి ముందు ఫోన్‌లో తీసిన వీడియో మా దగ్గర ఉంది. అది పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. బోటు ఎంత లోతుగా మునిగి నడుస్తోంది, జనం ఏ పక్కన గుమికూడారు, పై అంతస్తులో ఎంతమంది ఉన్నారు, లైఫ్‌జాకెట్లు ఒంటిమీద ఉన్నాయా లేక మూలన కుప్పగా పడున్నాయా అన్న విషయాలు సాక్షి జ్ఞాపకం కన్నా 20 సెకన్ల వీడియోలోనే స్పష్టంగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో పంపిన ప్రతిలో తీసిన సమయం, చోటు వంటి వివరాలు పోతాయి, స్పష్టత కూడా తగ్గుతుంది. కాబట్టి అసలు ఫైలు చెరిపేయకుండా అదే ఫోన్‌లో ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి, ఆ పత్రం కోసం దర్యాప్తు అధికారిని అడగండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామాలో దాని వివరాలు రాయించుకోవాలి. నీళ్లలో తడిసిన ఫోన్‌ను పారేయవద్దు. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో దాన్నుంచి కూడా ఎంతో కొంత సమాచారం బయటికి తీయగలరు.

నీళ్లలో మునిగే చనిపోయారని అందరికీ తెలుసు. మళ్లీ శవపంచనామా, పోస్టుమార్టం ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవారి బాధ నాకు తెలుసు. అయినా వద్దనకండని ప్రతి కుటుంబాన్నీ బతిమాలుతాను. అసహజ మరణం అయినప్పుడు పోలీసులు శవపంచనామా చేసి, 24 గంటల్లోగా నివేదికను మేజిస్ట్రేట్‌కు పంపాలని చట్టం చెబుతోంది. పోస్టుమార్టంలో తేలేది మునిగి చనిపోయారన్న ఒక్క విషయమే కాదు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పారా, బోటు కింద చిక్కుకున్నారా, ఇంజిను పంకా తగిలిందా అన్నవి కూడా తేలుతాయి. సందేహం ఉన్నప్పుడు ఎముక మజ్జలో డయాటమ్ అనే సూక్ష్మజీవుల కోసం వెతికి, నీళ్లలో పడేటప్పటికి మనిషి బతికే ఉన్నారా అన్నది పరిశీలిస్తారు. బీమా సంస్థ, పరిహారం నిర్ణయించే న్యాయస్థానం, ప్రభుత్వం అందరూ మొదట అడిగే కాగితం ఇదే. ఆ రోజు వద్దంటే తర్వాత దాన్ని సంపాదించే దారి దాదాపు ఉండదు.

## ఎవరి విచారణ దేనికోసం

కలెక్టర్ విచారణ అంటారు, పోలీసు కేసు అంటారు, కమిటీ వేశామంటారు. ఒకే ప్రమాదానికి ఇన్ని విచారణలెందుకు?

ఒక్కో విచారణకు ఒక్కో ప్రశ్న ఉంటుంది, ఒకదాని పని మరొకటి చేయలేదు. పోలీసు దర్యాప్తు నేరం జరిగిందా, ఎవరు చేశారు అన్నది చూసి న్యాయస్థానంలో అభియోగపత్రం వేస్తుంది. జిల్లా కలెక్టర్ ఆదేశించే విచారణ సబ్ కలెక్టర్ లేదా జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి చేతిలో నడుస్తుంది, పరిస్థితులనూ శాఖల లోపాలనూ ప్రభుత్వానికి నివేదిస్తుంది. అది ఎవరినీ జైలుకు పంపలేదు. నౌకల చట్టం కింద జరిగే సాంకేతిక విచారణ బోటు స్థితిని, నడిపినవారి అర్హతను పరిశీలిస్తుంది, సర్టిఫికెట్ల సస్పెన్షనుకు లేదా రద్దుకు దారితీస్తుంది. శాఖాపరమైన విచారణ అనుమతి ఇచ్చిన, తనిఖీ చేయని ఉద్యోగుల మీద జరుగుతుంది. పరిహారం ఈ నాలుగింటిలో ఏదీ తేల్చదు, దాని దారి వేరు. కలెక్టర్ నివేదిక వచ్చేదాకా ఆగుదామని పరిహారం దరఖాస్తు గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను చూశాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

నదిలో తిరిగే బోట్లకు ఇప్పుడు ఏ చట్టం వర్తిస్తుంది?

1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో లోతట్టు నౌకల చట్టాన్ని తెచ్చింది. అది 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. ఇంజినుతో నడిచే ప్రతి బోటుకూ రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, అర్హత పొందిన సిబ్బంది, ప్రాణరక్షణ సామగ్రి, బీమా ఉండాలన్నది దాని సారం. ప్రమాదం జరిగితే బోటు బాధ్యుడు లేదా యజమాని అధికారులకు తెలియజేయాలని, ప్రాథమిక విచారణ జరగాలని, అవసరమైతే జిల్లా మేజిస్ట్రేట్ స్థాయిలో లోతైన విచారణ జరిపి రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక పంపాలని అందులో ప్రత్యేక అధ్యాయం ఉంది. నౌకాయానం తెలిసిన నిపుణులను విచారణలో సహాయకులుగా కూర్చోబెట్టే ఏర్పాటు ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. రెవెన్యూ అధికారికి చుక్కాని గురించి తెలియాలని మనం ఆశించలేం కదా. మీరు ఇచ్చే వినతిపత్రంలో నిపుణుల సహాయం కోరుతున్నామని ఒక వాక్యం తప్పక చేర్చండి.

కృష్ణాలో బోటుకు అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? అడిగితే ప్రతి శాఖా పక్క శాఖను చూపిస్తోంది.

చాలాకాలం ఈ పరిస్థితి నిజంగానే ఉండేది. నదీజలాలు, గట్లు, కాలువలు జలవనరుల శాఖవి. బోటు సామర్థ్యం, సిబ్బంది అర్హత ఓడరేవుల అధికారుల పరిధిలోవి. విహారయాత్ర పర్యాటక శాఖది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సాగే నాలుగో జాతీయ జలమార్గంలో కృష్ణా కూడా భాగం కాబట్టి అంతర్గత జలమార్గాల సాధికార సంస్థ మాట కూడా ఉంటుంది. 2017లో పవిత్ర సంగమం దగ్గర తిరగబడిన బోటు అక్కడ పర్యాటకులను తిప్పడానికి అనుమతి లేని ప్రైవేటు బోటు అని అప్పట్లోనే బయటపడింది. అనుమతి లేని బోటు అందరి కళ్లముందే ఘాట్ నుంచి ఎలా కదిలిందన్నదే అప్పుడు అందరూ వేసిన ప్రశ్న. కచ్చులూరు ప్రమాదం తర్వాత రాష్ట్రంలో బోటింగు జరిగేచోట్ల వివిధ శాఖల సిబ్బందితో కంట్రోల్ రూములు పెట్టారు. ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్క శాఖ పేరు రాసి ఊరుకోకుండా, ఈ బోటుకు రిజిస్ట్రేషన్ ఎవరిచ్చారు, సర్వే ఎవరు చేశారు, ఈ ఘాట్ నుంచి ఈ మార్గంలో తిరగడానికి ఎవరు ఒప్పుకున్నారు అని మూడు ప్రశ్నలుగా విడదీసి అడగండి. అప్పుడు పక్క శాఖను చూపించడం అంత సులువు కాదు.

నాటుపడవకు, పుట్టికి ఈ నిబంధనలేవీ ఉండవా?

ఇంజిను లేని పడవల గురించి 2021 నాటి లోతట్టు నౌకల చట్టంలో విడిగా ఒక అధ్యాయం ఉంది. వాటి నమోదు బాధ్యతను స్థానిక సంస్థల స్థాయిలో అప్పగించే వీలు అందులో కల్పించారు. నమోదు ఉన్నా లేకపోయినా, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే నేర చట్టం నాటుపడవకూ సమానంగా వర్తిస్తుంది.

ప్రభుత్వం న్యాయ విచారణ కమిషన్ వేస్తే మాకేమిటి లాభం?

1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసే కమిషన్‌కు సాక్షులను పిలిపించే, దస్త్రాలు తెప్పించే అధికారం ఉంటుంది. కమిషన్ నుంచి ప్రభుత్వం చేతికి వచ్చిన నివేదికను, దానిపై తీసుకున్న చర్యల పత్రంతో సహా 6 నెలల్లోగా శాసనసభ ముందు ఉంచాలని చట్టం చెబుతోంది. కుటుంబాలకు ఇది నిజమైన మేలు, ఎందుకంటే శాఖాపరమైన నివేదికకు ఇలాంటి గడువు లేదు. కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని, అబద్ధ సాక్ష్యం కేసులో తప్ప, ఆ వ్యక్తి మీద ఇతర కేసుల్లో వాడకూడదు. అందువల్ల సిబ్బంది కొంత ధైర్యంగా నిజం చెప్పగలుగుతారు. కేరళలో 2023 మే 7న తానూరు దగ్గర 22 మంది చనిపోయిన ప్రమాదంపై రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తితో ఇలాంటి కమిషన్ వేశారు. అక్కడ చేపల వేటకు కట్టిన బోటును విహార బోటుగా మార్చి నడిపారు. కమిషన్ చెప్పేది సిఫారసు మాత్రమే. శిక్ష వేసే అధికారం దానికి లేదు.

## సాక్ష్యం, కారణం

మునిగిన బోటును పైకి తీయకుండానే విచారణ ముగించవచ్చా?

ముగించకూడదని నా గట్టి అభిప్రాయం. కచ్చులూరులో బోటు చాలా లోతులోకి వెళ్లిపోయి, వరద ఉధృతిలో తీయడం అసాధ్యమని చాలామంది అనుకున్న పరిస్థితిలో, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 2019 అక్టోబరు 22న, అంటే ప్రమాదం జరిగిన 38వ రోజు దాకా శ్రమించి దాన్ని ఒడ్డుకు చేర్చింది. లోపల చిక్కుకుపోయిన మృతదేహాలు అప్పుడు దొరికాయి. కుటుంబాలకు అది మొదటి అవసరం. విచారణకు కూడా బోటు శరీరమే ప్రధాన సాక్షి. అడుగున చీలిక ఉందా, ఇంజిను గేరు ఏ స్థితిలో ఉంది, చుక్కాని ఎటు తిరిగి ఉంది, కిటికీలు బిగించి ఉన్నాయా, ఎయిర్ కండిషన్ గది తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, తర్వాత అదనంగా కట్టిన పైకప్పు బరువెంత అన్నవి బోటు చూస్తేనే తెలుస్తాయి. తీసేటప్పుడు తాళ్లు, కొక్కేలు తగిలి కొత్త దెబ్బలు పడతాయి కాబట్టి ప్రతి దశనూ వీడియో తీయాలి. బయటికి వచ్చిన బోటును యజమానికి అప్పగించకుండా, ముక్కలు చేయకుండా ఉంచాలని న్యాయస్థానాన్ని కోరవచ్చు.

బోటు తిరగబడటానికి కారణాన్ని నిపుణులు ఎలా కనిపెడతారు?

నీటిమీద తేలే ఏ పడవకైనా బరువు ఎంత కిందికి ఉంటే అంత నిలకడ. రెండు అంతస్తుల బోటులో జనం ఫొటోల కోసం పైకి ఎక్కగానే బరువు కేంద్రం పైకి లేస్తుంది. ఏదో గుడి కనబడిందని అందరూ ఒకే పక్కకు వస్తే బోటు ఒరుగుతుంది. ఒరిగిన పక్క నుంచి కొద్దిగా నీళ్లు లోపలికి వచ్చాయంటే, ఆ నీళ్లు కూడా అదే పక్కకు పరుగెత్తి ఒరుగును ఇంకా పెంచుతాయి. నిలువునా నడుస్తున్న బోటు నిమిషంలోపే బోర్లా పడటానికి ఇదే కారణం, బతికి వచ్చినవారు అంతా ఒక్కసారిగా జరిగిందని చెప్పేది కూడా ఇందుకే. నిపుణులు బోటు కొలతలు, ఇంజిను బరువు, ప్రయాణికుల సంఖ్య, వారు కూర్చున్న చోట్లు తీసుకుని ఈ నిలకడను లెక్క కడతారు. సర్వే సర్టిఫికెట్‌లో అనుమతించిన సంఖ్యతో దాన్ని పోలుస్తారు.

ఆ తర్వాత నది వంతు. కృష్ణాలోనైతే ఆ గంటలో పులిచింతల నుంచి ఎంత నీరు వదిలారు, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఏ స్థితిలో ఉన్నాయి, ఇసుక తవ్విన గోతులు, కొత్తగా పడిన మేటలు ఎక్కడున్నాయి అన్న వివరాలు జలవనరుల శాఖ నుంచి తెప్పించుకోవాలి. పవిత్ర సంగమం దగ్గర పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు పక్కనుంచి కృష్ణాలో కలుస్తుంది. అలాంటి చోట అడ్డ ప్రవాహం ఎంత ఉండిందన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న. గాలి వివరాలు వాతావరణ శాఖ ఇస్తుంది. నీటి విడుదల లెక్కలు గంట గంటకూ నమోదవుతాయి కాబట్టి ప్రమాద సమయానికి ముందు, తర్వాత 6 గంటల లెక్కలు భద్రపరచాలని మొదటివారంలోనే రాతపూర్వకంగా కోరడం మంచిది.

చివరికి తప్పంతా బోటు నడిపే సరంగు మీదే వేస్తారా?

ఆ ప్రమాదం ఉంది, ముఖ్యంగా సరంగు కూడా చనిపోయినప్పుడు. తన తరఫున చెప్పుకోలేని మనిషి మీద కారణం మోపడం అందరికీ సులువు. మంచి విచారణ సరంగు చుక్కాని ఎందుకు అటు తిప్పాడన్న దగ్గర ఆగదు. అతనికి ఆ మార్గం తెలుసా, ఆ రోజు ఎన్నో ట్రిప్పు నడుపుతున్నాడు, ఎక్కువమందిని ఎక్కించమని ఎవరు చెప్పారు, వద్దంటే అతని ఉద్యోగం ఉండేదా, వరద హెచ్చరిక అతని దాకా చేరిందా అని వెనక్కి వెళ్తూ అడుగుతుంది. సిబ్బంది కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలే. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి లేదా అతని వారసులకు తమ మాట వినిపించుకునే అవకాశం ఇవ్వాలని విచారణాధికారికి వినతి ఇవ్వవచ్చు.

మావాళ్లు లైఫ్‌జాకెట్ వేసుకోలేదు. దానివల్ల మా హక్కు పోతుందా?

పూర్తిగా పోదు. జాకెట్లు సరిపడా ఉన్నాయా, పిల్లల కొలతలవి ఉన్నాయా, వేసుకోమని చెప్పారా, వేసుకోనివారితో బోటు ఎందుకు కదిలించారు అన్నవి నిర్వాహకుడు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. తీసేయమని సిబ్బందే చెప్పారా, ఉక్కపోతకు ప్రయాణికులే తీశారా అన్నదాన్ని బట్టి పరిహారం మొత్తంలో తేడా రావచ్చు. స్వాధీనం చేసుకున్న జాకెట్ల సంఖ్యను పంచనామాలో చూడండి.

## కేసు, పరిహారం, కాగితాలు

పోలీసులు ఏ సెక్షన్లు పెడతారు? శిక్ష ఎంత ఉంటుంది?

భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మరణానికి వర్తిస్తుంది. దానికి 5 ఏళ్ల దాకా శిక్ష ఉంటుంది. 282వ సెక్షన్ నౌకను దురుసుగా నడపడం గురించి, 284వ సెక్షన్ సురక్షితం కాని లేదా పరిమితికి మించి ఎక్కించిన పడవలో కిరాయికి మనుషులను చేరవేయడం గురించి. చివరి రెండింటికీ శిక్ష 6 నెలల దాకా మాత్రమే. ఇంతమంది ప్రాణాలు పోయిన నేరానికి ఇది చాలా తక్కువని నాకు అనిపిస్తుంది. ప్రాణాలు పోతాయని తెలిసి కూడా నడిపారని ఆధారాలుంటే, హత్యగా పరిగణించని నరహత్యకు సంబంధించిన 105వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. ముందురోజు ఇచ్చిన హెచ్చరిక, గతంలో రాసిన నోటీసు, బోటు ఆపమని అరిచిన ప్రయాణికుల మాట ఇక్కడ కీలకమవుతాయి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులకు ఉంది. ఆ రోజు దాటినా కబురు రాకపోతే రాతపూర్వకంగా అడగండి.

ప్రభుత్వం ఇచ్చిన ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే కేసు వేసే హక్కు పోతుందా?

పోదు. ఎక్స్‌గ్రేషియా అంటే ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే సాయం. కచ్చులూరు మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది ఈ పద్ధతిలోనే. బోటు యజమాని, నిర్వాహకుడు చెల్లించాల్సిన నష్టపరిహారం దీనికి వేరు. యజమాని తరఫున ఎవరైనా డబ్బు తెచ్చి, ఇక ఏ అభ్యంతరమూ లేదని రాసిన కాగితం మీద సంతకం అడిగితే మాత్రం, న్యాయవాదికి చూపించకుండా పెట్టకండి. కర్మకాండల ఖర్చు కోసం తీసుకున్న 50 వేలకు సంతకం పెట్టి, తర్వాత ఆ కాగితమే అడ్డొచ్చి ఏళ్ల తరబడి ఇబ్బందిపడిన ఒక తల్లిని నేను ఎరుగుదును.

నష్టపరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలి? లాయరు ఫీజు పెట్టుకునే స్తోమత లేదు.

మూడు దారులున్నాయి. టికెట్ కొని ఎక్కిన ప్రయాణికుడు వినియోగదారుడే కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవా లోపం కింద ఫిర్యాదు చేయవచ్చు. దానికి గడువు 2 ఏళ్లు. రెండోది శాశ్వత లోక్ అదాలత్. రోడ్డు, వాయు మార్గాలతో పాటు జలమార్గాన ప్రయాణికులను చేరవేసే సేవ కూడా ప్రజోపయోగ సేవగా 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉంది. న్యాయస్థానానికి వెళ్లకముందే ఇక్కడ దరఖాస్తు చేసుకోవాలి, రుసుము లేదు. ఇది చాలామందికి తెలియని దారి. మూడోది సివిల్ దావా, దానికి సమయం, ఖర్చు ఎక్కువ. విజయవాడ, గుంటూరు కోర్టు ప్రాంగణాల్లో న్యాయసేవాధికార సంస్థల కార్యాలయాలున్నాయి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, విపత్తు బాధితులకు అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. బోటు బీమా పాలసీ నంబరును దర్యాప్తు అధికారి ద్వారా తెలుసుకుని, బీమా సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి.

మృతదేహం దొరకలేదు. మరణ ధ్రువీకరణ పత్రం కోసం 7 ఏళ్లు ఆగాలా?

ఏడేళ్లుగా ఆచూకీ లేని మనిషి చనిపోయినట్టు భావించాలన్నది సాక్ష్య చట్టంలోని సాధారణ నియమం. ప్రమాదంలో ఉన్నట్టు బలమైన ఆధారాలున్నప్పుడు అంతకాలం ఆగకుండా పత్రం ఇచ్చిన సందర్భాలున్నాయి. ఉత్తరాఖండ్‌లో 2013 వరదల తర్వాత, 2021లో చమోలీ విపత్తు తర్వాత గల్లంతైనవారి విషయంలో మిస్సింగ్ ఫిర్యాదు, స్థానిక అధికారి విచారణ, జాబితా ప్రకటన, అభ్యంతరాలకు గడువు అనే క్రమంలో మరణాలను నమోదు చేశారు. కాబట్టి మిస్సింగ్ ఫిర్యాదు ఆలస్యం చేయకండి. ఆ మనిషి ఆ బోటు ఎక్కారని చూపే ఫొటో, టికెట్, తోటి ప్రయాణికుల వాంగ్మూలం సంపాదించి, కలెక్టర్‌కు వినతి ఇవ్వండి. డీఎన్ఏ నమూనా ఇచ్చి ఉంచడం కూడా అవసరం. నెలల తర్వాత దిగువన అవశేషాలు దొరికితే గుర్తించడానికి అదొక్కటే ఆధారం.

విచారణ నివేదిక మాకు చూపించరా?

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దర్యాప్తు సాగుతోందన్న ఒక్క మాటతో నిరాకరించడం సరిపోదు, వెల్లడిస్తే దర్యాప్తుకు ఎలా ఆటంకమో చెప్పాలి. నివేదిక మొత్తం ఇవ్వకపోతే సిఫారసుల భాగం, బోటు సర్వే సర్టిఫికెట్ ప్రతి, ప్రమాదానికి ముందు ఏడాదిలో జరిగిన తనిఖీల వివరాలు విడివిడిగా అడగండి. వీటిని దాచడానికి కారణాలు చాలా తక్కువ.

## సముద్రంలో జరిగితే

నిజాంపట్నం నుంచి వేటకు వెళ్లిన మా బోటు తిరిగి రాలేదు. ఎవరు చూస్తారు?

వెతకడం తీర రక్షక దళం, మెరైన్ పోలీసుల పని. బోటు లైసెన్సు, వేట వివరాలు మత్స్యశాఖ దగ్గర ఉంటాయి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కినవారి పేర్లు, బయలుదేరిన రోజు, ఎంత లోతు నీళ్లలో వేటాడతారన్నది మూడుచోట్లా ఒకేలా చెప్పండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. దరఖాస్తు మత్స్యశాఖ ద్వారా వెళ్లాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలంలో వెళ్లిన బోటైతే ఇబ్బందులు వస్తాయి, అయినా ఆ భయంతో గల్లంతైన విషయం దాచకండి.

ఏదో పెద్ద ఓడ రాత్రి మా బోటును గుద్ది వెళ్లిపోయింది. దాన్ని పట్టుకోగలరా?

చాలాసార్లు పట్టుకోగలరు. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నులు, ఆపై ఓడలన్నీ తమ గుర్తింపు, స్థానం, వేగాన్ని నిరంతరం ప్రసారం చేసే ఏఐఎస్ పరికరం పెట్టుకోవాలి. ఆ సమయానికి ఆ చోట ఏ ఓడలున్నాయో ఆ రికార్డుతో తేలుతుంది. ఓడ ముందుభాగంలోని గీతలు, అంటుకున్న రంగును బోటు రంగుతో పోల్చి చూస్తారు. మీరు చేయాల్సింది రెండే. గుద్దిన సమయాన్ని, జీపీఎస్ స్థానాన్ని వీలైనంత ఖచ్చితంగా చెప్పాలి, మిగిలిన చెక్క ముక్కలను రంగు వేయకుండా, బాగుచేయకుండా ఉంచాలి.

మా అబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు. విదేశీ ఓడ మీద ప్రమాదం జరిగితే మన దేశం విచారిస్తుందా?

ఓడ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశానికే మొదటి బాధ్యత. పనామా, లైబీరియా, మార్షల్ దీవుల పేర్లు వినిపించేది ఇందువల్లే. చనిపోయిన నావికుడు భారతీయుడైతే, లేదా ప్రమాదం మన జలాల్లో జరిగితే, విచారణలో పాల్గొనే ఆసక్తి గల దేశంగా భారత్ ముందుకు రావచ్చు. 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా 640 కంటెయినర్లతో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 లైబీరియా జెండా ఓడ. సిబ్బంది 24 మందీ బయటపడ్డారు. మన దేశంలో ఈ బాధ్యత ముంబయిలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్‌ది. దాని కింద విశాఖపట్నంలో మర్కంటైల్ మెరైన్ కార్యాలయం ఉంది. కుటుంబం మొదట రాయాల్సింది అబ్బాయిని ఉద్యోగంలో చేర్చిన లైసెన్సు గల నియామక సంస్థకు, దాని ప్రతి డైరెక్టరేట్‌కు. ఒప్పందపత్రం, ఇండోస్ నంబరు (నావికుడి గుర్తింపు సంఖ్య) ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోవాలని నావికుల కుటుంబాలన్నిటికీ చెబుతుంటాను.

ఓడలకు విమానాల్లాగా బ్లాక్ బాక్సు ఉంటుందా?

ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రయాణికుల ఓడలకు, 3000 టన్నులు, ఆపై సరుకు ఓడలకు వోయేజ్ డేటా రికార్డరు తప్పనిసరి. ఓడను నడిపే గదిలోని (బ్రిడ్జి) మాటలు, రాడార్ చిత్రం, దిశ, వేగం అందులో నమోదవుతాయి. కృష్ణాలో తిరిగే విహార బోట్లలో ఇలాంటిది ఉండదు.

సముద్ర ప్రమాద నివేదికలో ఎవరిది తప్పో చెప్పరట. అలాంటి నివేదిక ఎందుకు?

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2008లో ఆమోదించి 2010 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన ప్రమాద పరిశోధన నియమావళి, భద్రతా విచారణ లక్ష్యం నింద మోపడం కాదని స్పష్టంగా చెబుతుంది. మొదట విన్నప్పుడు నాకూ కోపం వచ్చింది. శిక్ష భయం లేనప్పుడే సిబ్బంది నిద్రలేమి గురించి, పనిచేయని అలారం గురించి నోరు విప్పుతారన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. నేరాన్ని తేల్చే దర్యాప్తు దీనికి సమాంతరంగా వేరే చేతుల్లో నడుస్తుంది. మన దేశంలో 1958 నాటి వాణిజ్య నౌకల చట్టంలో ప్రాథమిక విచారణ, ఆపై మేజిస్ట్రేట్ ముందు పూర్తిస్థాయి అధికారిక విచారణ అనే పద్ధతి ఉండేది. దాని స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టాన్ని ఆమోదించింది.

## నివేదిక వచ్చాక

సిఫారసులు అమలయ్యాయో లేదో సామాన్యులు ఎలా తెలుసుకోవాలి?

ఒక ఆదివారం ఘాట్‌కు వెళ్లి చూస్తే చాలా తెలుస్తుంది. బోటు మీద అనుమతించిన ప్రయాణికుల సంఖ్య రాసి ఉందా, ఎక్కేముందు పేర్లు రాస్తున్నారా, పిల్లల జాకెట్లు ఉన్నాయా, చీకటి పడ్డాక బోటు కదులుతోందా అన్నవి గమనించండి. ఆ తర్వాత ఫలానా నివేదికలోని ఫలానా సిఫారసుపై ఏ చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగండి. కట్టి ఉంచని బోట్ల సంగతి కూడా మరవకండి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణాకు రికార్డు స్థాయిలో వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కొట్టుకొచ్చిన భారీ ఇనుప బోట్లు గేట్లకు సమతూకంగా ఉండే బరువులను (కౌంటర్‌వెయిట్లను) దెబ్బతీశాయి. దానిపైనా పోలీసు కేసు నమోదైంది.

బోటు ఎక్కబోతూ లోపం గమనించాను. ప్రమాదం జరగకముందే ఫిర్యాదు తీసుకుంటారా?

తీసుకుంటారు. సురక్షితం కాని బోటులో కిరాయికి మనుషులను ఎక్కించడం, ఎవరికీ హాని జరగకపోయినా నేరమే. 112కు చెప్పవచ్చు, ఘాట్‌లోని కంట్రోల్ రూములో రాసి ఇవ్వవచ్చు. బోటు పేరు, నంబరు, ఎక్కినవారి సుమారు సంఖ్య, సమయం, ఒక ఫొటో చాలు. ఆ ఫిర్యాదు ప్రతిని దాచుకోండి. అదే బోటు రేపు మునిగితే, యజమానికీ అధికారులకూ ముందే తెలుసని చూపించడానికి అది ఆధారమవుతుంది.